సీసాల ముందు కూర్చుంటే ఏమీ తోచనప్పుడు: సహజ పరిమళాలు చేసుకునేవాళ్లకు ప్రేరణ ఎక్కడ దొరుకుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. ఏడాదిగా ఇంట్లో ఎసెన్షియల్ ఆయిల్స్, ఆబ్సొల్యూట్‌లు (పూలు, ఆకుల నుంచి ద్రావకంతో తీసే చిక్కటి సారాలు) కలిపి పరిమళాలు చేసుకుంటున్నారు. ముప్పై దాకా సీసాలు పోగయ్యాయి. అయినా కలపడానికి కూర్చున్న ప్రతిసారీ చెయ్యి గులాబీ, గంధం, పచౌలి మీదికే పోతోంది. ప్రయాణాలు చేసే తీరిక లేదు, పూలతోటలు దగ్గర్లో లేవు, మరి రోజువారీ జీవితంలో ప్రేరణ ఎలా దొరుకుతుందని అడిగారు. పేరున్న పెర్ఫ్యూమ్‌ను చూసి చెయ్యడం తప్పా అని చివర్లో ఇంకో ప్రశ్న కూడా వేశారు.

ఏం చెయ్యాలన్నది సీసాల దగ్గరికి వచ్చేలోపే తేలిపోయి ఉండాలి. సీసాల మూతలు ఒక్కొక్కటీ తీసి చూస్తూ ఆలోచన కోసం ఎదురు చూస్తే అలవాటైన కలయికలే గుర్తొస్తాయి, ఎందుకంటే ఆ క్షణంలో మీ ముక్కు ముందున్నవి అవే. రోజంతా మనం పీల్చే వాసనల్లో ఏదో ఒకటి ఒక్క క్షణం మనల్ని ఆపుతుంది. అందరికీ అలాంటి క్షణాలు ఉంటాయి. ఆ వాసనను అక్కడికక్కడే పట్టుకుని, ముక్కలుగా విడదీసి, రాసిపెట్టుకునే అలవాటు మాత్రం చాలా తక్కువమందికి ఉంటుంది. మీకు ముప్పై ఒకటో సీసా కంటే ఆ అలవాటే ఎక్కువ అవసరం.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా వెళ్దాం. ఇస్త్రీ చేస్తున్నప్పుడు వచ్చే వాసన. నీళ్లు చిలకరించిన నూలు చొక్కా మీద వేడి ఇస్త్రీపెట్టె ఆనగానే గుప్పున ఆవిరి లేస్తుంది. దాన్ని మామూలుగా ఉతికిన బట్టల వాసన అని ఒక్క మాటలో తేల్చేస్తాం. అలా తేల్చేస్తే చేతిలో ఏమీ మిగలదు. ఆగి ఇంకోసారి పీల్చండి. మొదట తగిలేది వెచ్చటి తడి. దాని వెనకే సబ్బు వదిలివెళ్లిన సన్నటి తియ్యదనం. ఆ తర్వాత పిండిలా పొడిపొడిగా ఉండే నూలు. మడత దగ్గర ఇస్త్రీపెట్టె కాస్త ఎక్కువసేపు నిలిస్తే కమురు మొదలవబోతున్న వాసన. చొక్కా కాలర్ దగ్గరికి వచ్చేసరికి ఇంకోటి బయటపడుతుంది. ఎంత ఉతికినా పూర్తిగా పోని మనిషి వాసన వేడికి మళ్లీ పైకి లేస్తుంది. నన్ను ఆపింది ఆ చివరిదే. శుభ్రమైన బట్టలో మనిషి జాడ. ఇక పరిమళానికి కేంద్రం దొరికినట్టే, మిగతావన్నీ దాని చుట్టూ కూర్చుకోవచ్చు.

ఇప్పుడు సీసాల దగ్గరికి రండి. మనిషి చర్మానికి దగ్గరగా ఉండే వృక్ష పదార్థం అంబ్రెట్, అంటే కస్తూరి బెండ గింజల నుంచి తీసేది. అందులో అంబ్రెట్టోలైడ్ అనే సహజమైన మస్క్ పదార్థం ఉంటుంది. జంతువుల జోలికి పోకుండా కస్తూరి ఛాయ తెచ్చుకోవడానికి మనకున్న గొప్ప దారుల్లో ఇదొకటి. ఉతికిన శుభ్రతకు లావెండర్, క్లారీ సేజ్. పొడి నూలుకు వర్జీనియా సెడార్. ఎండలో ఆరిన బట్టల సంగతి ఇంకా ఆసక్తికరం. తీగ మీద ఎండలో ఆరేసిన తువ్వాళ్ల నుంచి పెంటనాల్, ఆక్టనాల్, నొననాల్ లాంటి ఆల్డిహైడ్లు వెలువడతాయని 2020లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. ఆక్టనాల్ నారింజ తొక్క నూనెలోనూ కొద్దిగా ఉంటుంది. అందుకే ఇలాంటి కలయికలో స్వీట్ ఆరెంజ్ కొంచెం పడితే పండు వాసన కంటే ముందు ఎండ వాసన తోస్తుంది. నారింజ పేరు చూసి చాలామంది దీన్ని పక్కన పెడతారు.

అన్నిటినీ ఆల్కహాల్‌లో 10 శాతానికి పలచన చేసుకుని, మొత్తం 20 పాళ్లుగా నేనైతే ఇలా మొదలుపెడతాను: లావెండర్ 5, వర్జీనియా సెడార్ 5, క్లారీ సేజ్ 4, అంబ్రెట్ 3, స్వీట్ ఆరెంజ్ 2, పెటిట్‌గ్రెయిన్ (నారింజ ఆకుల నూనె) 1. కమురు అంచు కోసం ఎండుగడ్డి ఆబ్సొల్యూట్ 1 శాతం ద్రావణం ఒక్క చుక్క. అందులో ఉండే కూమరిన్ తియ్యగా, పొడిగా, ఎండ తగిలినట్టు ఉంటుంది. ఒక్క చుక్కతో ఆపండి, రెండో చుక్క పడితే చొక్కా పోయి గడ్డివాము వస్తుంది. ఇస్త్రీపెట్టె ఇనుము వాసనను నేను వదిలేస్తాను. జెరేనియంలో లోహపు పదును కాస్త ఉంటుంది గానీ దాని వెంటే గులాబీ వచ్చేస్తుంది. మీ కళ్లు మళ్లీ గులాబీ సీసా వైపు పోవడం నాకిష్టం లేదు.

ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, ఇది ఇస్త్రీ వాసనకు నకలు కాదు. సహజ పదార్థాలతో అచ్చమైన నకలు దాదాపు అసాధ్యం. ఒక్కో నూనెలోనూ పదుల కొద్దీ, కొన్నిట్లో వందల కొద్దీ రసాయనాలు కలిసి ఉంటాయి. మీకు కావలసిన ఒక్క గుణాన్నీ విడదీసి తీసుకోలేరు, దాని చుట్టాలందరూ వెంట వస్తారు. కాబట్టి వాసన మొత్తాన్ని పట్టుకోవాలని చూడకండి. అందులో మిమ్మల్ని ఆపిన ఒక్క లక్షణాన్ని ఎంచుకుని, దాన్ని మాత్రమే గట్టిగా వినిపించండి.

నోట్‌బుక్ గురించి. జేబులో పట్టే చిన్నది చాలు. ఫోనైనా ఫర్వాలేదు గానీ పరిమళాల పేర్లతో మాత్రం రాయకండి. "వుడీ", "ఫ్లోరల్", "మస్కీ" అని రాసుకుంటే నెల తర్వాత చదివినప్పుడు ఏ వాసనా గుర్తుకు రాదు. నోటికి వచ్చే మాటలే రాయండి. పసరు, కమురు, మగ్గిన వాసన, పాచి, నీచు, ఘాటు, జిడ్డు, ముక్కుపుటాలు చల్లబడటం, గొంతులో గరగర. వాసనను తాకిడి మాటల్లో, ఉష్ణోగ్రత మాటల్లో చెప్పడం అలవాటైతే పదార్థం ఎంచుకోవడం సులువవుతుంది. "చల్లగా, సన్నగా, తడిగా" అని రాసి ఉంటే చెయ్యి పచౌలి వైపు పోనే పోదు. ఏ వేళ, గాలిలో తేమ ఎలా ఉంది, ఎంత దూరం నుంచి వచ్చింది అన్నవి కూడా రాయండి. ఈ మూడూ వాసనను పూర్తిగా మార్చేస్తాయి.

వేళ సంగతి మల్లెలో బాగా తెలుస్తుంది. సాయంత్రం విచ్చుకోబోతున్న మొగ్గ ఒకలా, అర్ధరాత్రి పూర్తిగా విచ్చిన పువ్వు ఒకలా, మర్నాడు అంచులు గోధుమరంగుకు తిరిగిన రేకు ఇంకోలా ఉంటాయి. మల్లె, రజనీగంధ కోసిన తర్వాత కూడా గంటల తరబడి పరిమళాన్ని పుట్టిస్తూనే ఉంటాయి. అందుకే పాతకాలంలో వాటిని కొవ్వు పూసిన గాజు పలకల మీద పరిచి, ఆ పరిమళాన్ని కొవ్వు పీల్చుకునేలా చేసేవారు. గులాబీకి కోశాక ఆ గుణం అంతగా లేదు, వెంటనే ఆవిరి పట్టి నూనె తీయాల్సిందే. మీరు ఒకే పువ్వును దగ్గర పెట్టుకుని సాయంత్రం నుంచి మర్నాటి పొద్దుటి దాకా మధ్యమధ్యలో వాసన చూసి రాసుకోండి. "మల్లె" అన్న ఒక్క పేరు కింద నాలుగైదు పరిమళాలకు సరిపడా సరుకు దొరుకుతుంది. వాడిపోయేటప్పటి మల్లెతో పరిమళం చెయ్యాలని చాలామందికి తోచదు. నాకు మాత్రం అదే అన్నిటికంటే అందమైన ఘట్టం.

అందుకు కారణం కొంతవరకు ఇండోల్. మల్లెలో సహజంగానే ఉండే ఈ పదార్థం చిక్కగా ఉన్నప్పుడు బీరువాలో వేసే నాఫ్తలీన్ గోళీల వాసన, ఇంకా చిక్కబడితే మలం వాసన వేస్తుంది. పలచబడితే పువ్వు. చెడు వాసనలను దూరం పెట్టే అలవాటు పరిమళాలు చేసేవాళ్లకు చాలా నష్టం చేస్తుందని నా గట్టి నమ్మకం. ముక్కిన బియ్యం డబ్బా, తడిసిన కుక్క బొచ్చు, తుప్పు, చెమట పట్టిన తోలు పట్టీ, ఎప్పుడో తెరిచిన ట్రంకుపెట్టె. వీటి ముందు కూడా అదే శ్రద్ధతో ఆగండి. ఇనుప కటకటాలు పట్టుకున్న అరచేతిని వాసన చూశారా? ఆ వాసన ఇనుముది అనుకుంటాం గానీ నిజానికి మన చర్మం మీది కొవ్వు పదార్థాలు ఇనుముతో చర్య జరిపినప్పుడు పుట్టేది. ఇలాంటి విషయం ఒకటి తెలిస్తే ఆ వాసనే మీకు కొత్తగా వినిపించడం మొదలవుతుంది. దాదాపు ప్రతి గొప్ప పరిమళంలోనూ ఎక్కడో ఒక మురికి అంచు ఉంటుంది. సహజ పదార్థాల్లో ఆ అంచు కోసం జీలకర్ర నూనె, ల్యాబ్డనమ్ (ఒక పొద నుంచి వచ్చే జిగురు), తుంగముస్తల నూనె, వట్టివేరు ఉన్నాయి. వాడేది మాత్రం చాలా పలచగా.

ఇంటి నుంచి కదలకుండా చెయ్యగలిగే పని ఒకటుంది, దీన్ని నేను అందరికీ చెబుతాను. శుభ్రంగా కడిగి, వాసన లేకుండా ఆరబెట్టిన గాజు సీసా తీసుకోండి. అందులో ఒక్క వస్తువు వెయ్యండి. ఒక ఆకు, పెన్సిల్ చెక్కిన పొట్టు, పాత పుస్తకంలోంచి రాలిన కాగితం ముక్క, తడి రాయి, ఊలు దారం. మూత పెట్టి పావుగంట, ఇరవై నిమిషాలు వదిలేసి, మూత తీయగానే ఒకే ఒక్క శ్వాస తీసుకోండి. గాలిలో చెదిరిపోయే వాసన సీసాలో పోగవుతుంది కాబట్టి, ముక్కు దగ్గర పెట్టుకున్నా తెలియని అంశాలు కూడా పైకి వస్తాయి. పెద్ద సంస్థల్లో పువ్వు మీద గాజు గోళం బోర్లించి, ఆ గాలిని యంత్రాలతో విశ్లేషించే పద్ధతి కూడా ఈ ఆలోచన మీద ఆధారపడిందే. మన దగ్గర యంత్రం లేదు, ముక్కు ఉంది.

ఆకుతో మొదలుపెడితే మంచిది. నలపని ఆకు, నలిపిన ఆకు, నలిపి అరగంట వదిలేసిన ఆకు, ఈ మూడింటినీ మూడు సీసాల్లో పెట్టి పోల్చండి. గడ్డి కోసినప్పుడు వచ్చే ఆ పచ్చి పసరు వాసన గడ్డిలో ముందే సిద్ధంగా ఉండదు. కణాలు చితికిన తర్వాత సెకన్లలో ఎంజైములు దాన్ని తయారుచేస్తాయి, కాసేపటికి అది మెత్తబడి వేరే వాసనగా మారుతుంది. నలిపిన క్షణాన్ని పట్టుకోవాలంటే గాల్బనమ్ (పచ్చి పసరు వాసన వేసే ఒక మొక్క జిగురు) పదును బాగుంటుంది. అరగంట తర్వాతి ఆకు కావాలంటే వయొలెట్ ఆకు ఆబ్సొల్యూట్. దోసకాయ తొక్కలా, తడి మట్టి అంటిన కాడలా ఉండే దాని వాసన మొదట్లో కొందరికి నచ్చదు, పలచన చేసి చూడండి.

పాత పుస్తకం కూడా కొత్తవాళ్లకు మంచి పాఠం. కాగితంలోని లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఏళ్ల తరబడి విచ్ఛిన్నమవుతూ, వెనిలా వాసనిచ్చే వెనిల్లిన్‌ను విడుదల చేస్తుంది. వెనిలా ఆబ్సొల్యూట్, బెంజోయిన్ అంటే సాంబ్రాణి, సెడార్, అడుగున వట్టివేరు జాడ అంటే సగం పని అయినట్టే. మిగతా సగం ఆ పుస్తకం ఎక్కడ ఉందన్నది. ఎండపడే కిటికీ పక్కనా, చెమ్మ గోడ బీరువాలోనా?

వాన గురించి మీరు ఈపాటికి అనుకునే ఉంటారు. ప్రేరణ అనగానే అందరూ ముందు అక్కడికే వెళ్తారు. ఎండిన నేల మీద పడ్డ వాన వాసనకు 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ పెట్రికోర్ అని పేరు పెట్టారు. అందులో ముఖ్యమైన జియోస్మిన్‌ను మనిషి ముక్కు అత్యల్ప మోతాదులో కూడా పసిగడుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని నీళ్లతో కాచి ఆ ఆవిరిని గంధం నూనెలోకి దింపి మిట్టీ అత్తరు తీస్తారు, అంటే ఆ పని ఎవరో అద్భుతంగా చేసి పెట్టారు. మీరు వాన చేయాలనుకుంటే మట్టిని వాళ్లకు వదిలేసి, వాన పడ్డ ఇంకేదైనా ఎంచుకోండి. వేడెక్కిన సిమెంటు గోడ, ప్లాస్టిక్ కుర్చీ, తడిసిన కాగితం సంచి. ఎవరూ చూడని మూలలోనే మీ సొంతది దొరికే అవకాశం ఎక్కువ.

రంగులు, సంగీతం, ఫొటోల నుంచి ప్రేరణ పొందమని చాలామంది చెబుతారు. పనికొస్తాయి, కాకపోతే మొదటి మూడు నాలుగేళ్లు ముక్కుతో మొదలయ్యే ప్రేరణే ఎక్కువ నేర్పుతుందని నా అనుభవం. నీలం రంగు పరిమళం చేశాననుకుంటే అది సరిగ్గా వచ్చిందో లేదో తేల్చుకునే దారి లేదు. ఇస్త్రీ చొక్కా చేస్తే, చొక్కా పక్కన బ్లాటర్ (పరిమళం అద్ది వాసన చూసే కాగితపు పట్టీ) పెట్టి పోల్చుకోవచ్చు.

ఇక చెయ్యి పాత దారిలోనే పోకుండా ఆపే ఉపాయం, పదార్థాలకు గిరి గీసుకోవడం. ఒక ఆలోచనకు అయిదారు సీసాలకు మించి వాడనని పెట్టుకోండి. మీరు అతిగా వాడే ఆ మూడింటిని కొన్నాళ్లు కళ్లకు కనబడకుండా పక్క గదిలో పెట్టండి. ఫ్రాన్స్‌లోని గ్రాస్ పట్టణంలో 1946లో పెర్ఫ్యూమర్ల శిక్షణాలయం మొదలుపెట్టిన జాన్ కార్ల్ చెప్పిన అభ్యాసం ఒకటుంది. రెండే పదార్థాలు తీసుకుని 9:1, 8:2, 7:3 ఇలా 1:9 దాకా అన్ని పాళ్లలో కలిపి, ఏ పాళ్లలో రెండూ తమ గుర్తింపు పోగొట్టుకుని మూడో వాసనగా మారతాయో వెతకడం. వినడానికి విసుగుగా ఉంటుంది. కానీ 7:3 దగ్గర ఎక్కడో ఊహించని వాసన ఒకటి లేచి, ఇది నాకు తెలిసినదేదో అనిపిస్తుంది. ఆ "తెలిసినదేదో" ఏమిటని నోట్‌బుక్‌లో వెతకండి. అలా ప్రేరణ వెనక నుంచి కూడా వస్తుంది, ముందు కలయిక, తర్వాత జ్ఞాపకం. నల్లమిరియాల నూనె, తుంగముస్తల నూనె జంటతో మొదలుపెట్టమంటాను. మిరియాలకు ఆ ప్రత్యేకమైన వాసననిచ్చే రోటుండోన్ అనే పదార్థం తుంగ గడ్డల్లోనూ ఉంటుంది, ఆ పేరు కూడా తుంగ శాస్త్రీయ నామం నుంచే వచ్చింది. అందుకే ఆ రెండూ తోబుట్టువుల్లా కలుస్తాయి.

ఈ రోటుండోన్ ఇంకో సంగతి కూడా చెబుతుంది. 2008లో జరిపిన పరీక్షల్లో పాల్గొన్నవాళ్లలో దాదాపు 20 శాతం మందికి పరీక్షించిన అత్యధిక మోతాదులో కూడా దాని వాసనే తెలియలేదు. మనిషికి సుమారు 400 రకాల వాసన గ్రాహకాలు పనిచేస్తాయి, వాటి కూర్పు మనిషి మనిషికీ తేడాగా ఉంటుంది. కాబట్టి మీకు మిరియాలు మెత్తగా, చెక్కలా తోస్తే మీ ముక్కు తప్పు చెబుతోందని అనుకోకండి. ఎవరో రాసిన వర్ణనకు మీ గమనికను సరిదిద్దుకోవద్దు, మీకు వచ్చినదే రాయండి.

వాడేసిన బ్లాటర్లను పారేయకండి. వాటి మీద పేరు, తేదీ రాసి ఒక పెట్టెలో పడేయండి. వారం తర్వాత ఆ పెట్టె తెరిస్తే, త్వరగా ఆవిరయ్యే పై వాసనలన్నీ ఎగిరిపోయి ల్యాబ్డనమ్, వట్టివేరు, గంధం, బెంజోయిన్ లాంటి అడుగు వాసనలు కాగితం మీద కలిసిపోయి ఉంటాయి. మీరు కావాలని ఎన్నడూ కలపని కలయికలు అక్కడ దొరుకుతాయి. బాగా అనిపిస్తే ఒక్కో బ్లాటర్‌నూ బయటికి తీస్తూ, ఏది తీస్తే ఆ అందం పోతోందో చూసుకుంటే చాలు.

ముక్కు అలసిపోయినప్పుడు మాత్రం ఆపేయండి. కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు తేరుకుంటుందని అంటారు గానీ ప్రయోగాల్లో మామూలు గాలి కంటే అవి మెరుగని తేలలేదు. కిటికీ దగ్గరికి వెళ్లండి, లేదా మోచేతి మడత దగ్గర మీ చర్మాన్నే వాసన చూసుకోండి.

పేరున్న పెర్ఫ్యూమ్‌ను చూసి చెయ్యడం అభ్యాసంగా మంచిదే. నేర్చుకునేందుకు చేసి, మీ దగ్గరే ఉంచుకోండి, వాళ్ల పేరుతో ఎవరికీ ఇవ్వకండి. కాకపోతే ఇప్పటి పెర్ఫ్యూమ్‌లలో ఎక్కువభాగం సింథటిక్ అణువుల మీద నిలబడినవి, సహజ నూనెలతో వాటి దగ్గరికి వెళ్లలేక నిరుత్సాహపడతారు. అదే సమయాన్ని లిల్లీ ఆఫ్ ది వ్యాలీ, లైలాక్ లాంటి పూలపై పెడితే మేలు. వీటి నుంచి వాడుకోదగ్గ నూనె రాదు, ఎవరైనా ఊహించి కట్టాల్సిందే. అక్కడ మీరూ నిపుణులూ ఒకే చోట నిలబడి ఉంటారు.

ఉత్సాహంలో కనబడిన ఆకునల్లా ఆల్కహాల్‌లో నానబెట్టి ఒంటికి రాసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. తెలియని మొక్క అయితే సీసాలో వాసన చూడటంతో ఆపండి. బాగా తెలిసిన నూనెలతో కూడా జాగ్రత్త అవసరమే. తొక్కల నుంచి పిండి తీసిన బెర్గమాట్ (ఒక నిమ్మజాతి పండు) నూనె చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు మచ్చలు పడతాయి. చర్మంపై ఉండిపోయే ఉత్పత్తుల్లో అది 0.4 శాతం దాటకూడదన్నది ఇఫ్రా (అంతర్జాతీయ పరిమళ పరిశ్రమ సంఘం) పరిమితి. ఆ మచ్చలకు కారణమైన బెర్గాప్టెన్ అనే పదార్థం తీసేసిన రకం కొనుక్కుంటే ఆ బెంగ ఉండదు. దాల్చినచెక్క, లవంగం నూనెలకూ, ఓక్‌మాస్‌కూ పరిమితులున్నాయి, ఫార్ములా రాసేముందే చూసుకోండి.

ఏ వాసనా మిమ్మల్ని ఆపని రోజులు కూడా వస్తాయి. ఆ రోజు కొత్త ఫార్ములా కోసం బలవంతం చేసుకోకండి. అయిపోయిన 10 శాతం ద్రావణాలను 0.01 గ్రాము చూపించే త్రాసు మీద తూచి నింపండి, డ్రాపర్లు ఆల్కహాల్‌తో కడగండి, నిమ్మ, నారింజ జాతి నూనెల మీద తెరిచిన తేదీ చూసి, పాతబడినవి విడిగా పెట్టండి. నెల కిందట కలిపి పెట్టినదాన్ని ఆ పనంతా అయ్యాక, ముక్కు కాస్త తేరుకోనిచ్చి తెరిచి బ్లాటర్ మీద వెయ్యండి. అయిదు నిమిషాలకు, గంటకు, మర్నాడు పొద్దున్న ఎలా ఉందో మూడు వరుసల్లో రాయండి. ఇస్త్రీ చొక్కా ఫార్ములా మీరు ప్రయత్నిస్తే, అంబ్రెట్ 3 పాళ్ల నుంచి 5కు పెంచి రెండోది కూడా పక్కనే కలిపి పెట్టుకోండి. మూడు వారాలు ఆగాక రెండింట్లో ఏది మనిషికి దగ్గరగా ఉందో నాకు రాయండి, తర్వాత ఏది మార్చాలో కలిసి చూద్దాం.